పదకొండో మనవి

5, సోమవారం

పాస్టరుగారి భార్యకి కోపం రాకూడదట. ఎప్పుడూ నవ్వుమొహంతో ఉండాలట. ముప్పై ఒక్క ఏళ్లుగా నవ్వీ నవ్వీ దవడలు పీకుతున్నాయి. కనీసం ఇక్కడైనా మొహం చిట్లించుకుంటాను. ఎవరొచ్చి చదువుతారు గనక.

చర్చి మూసి ఇది నాలుగో వారం. లోకమంతా ఇదే రోగం, ఇదే తాళం. పొద్దున ఆరింటికి ఫోన్లో ప్రార్థన, నలభై రెండు ఇళ్లవాళ్లు. ఐదున్నరకల్లా ఆరోజు మనవుల లిస్టు టైపు చేసి గ్రూపులో పెట్టడం నా పని. ఎవరికి ఏమైంది, ఎక్కడుంటున్నారు, ఏ ఆస్పత్రి, ఎన్నో రోజు, అన్నీ వరసగా ఉంటాయి. పాతికేళ్లు ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం వెలగబెట్టినదాన్ని, నా లిస్టుకు వంక పెట్టేవాడు లేడు. మా సంఘం డబ్బు లెక్కలు చూసే ట్రెజరరు తప్ప. పోయిన వారం అన్నాడు, "వివరాలు ఉండాలమ్మగారూ. వివరాలుంటేనే ప్రార్థనకు గురి కుదురుతుంది" అని. దేవుడికి అడ్రసులు తెలియవు కాబోలు.

ఇవాళ ట్రెజరరు ప్రార్థన పదకొండు నిమిషాలు. దేశాల పేర్లన్నీ చదివాడు. ఖండాలు అయిపోయాక దీవుల్లోకి దిగాడు. మధ్యలో వాళ్లింటి కుక్కరు మూడు కూతలు కూసింది. మా ఆయన ఆమేన్ అనబోయి రెండుసార్లు ఆగిపోయారు.

సాయంత్రం అంట్లు తోముతుంటే కుట్టుచెల్లి ఫోను చేసింది. నాలుగు రోజులుగా జ్వరమట, పరీక్ష చేయించుకుంటే ఆ రోగమేనని తేలిందట. భర్త పోయి ఆరేళ్లు, పిల్లల్లేరు. ట్రెజరరుగారి పెరట్లో ఒంటిగది అద్దెకు తీసుకుని మిషను కుట్టుకుని బతుకుతోంది. మా పాటల బృందానికి తెల్లగౌన్లు ఇరవై రెండూ పైసా తీసుకోకుండా కుట్టిపెట్టిన మనిషి. ప్రార్థన చెయ్యమంది. కాసేపు మాట్లాడుకున్నాం.

రేపటి లిస్టులో చేర్చాను. పదకొండో మనవి: "ట్రెజరరుగారి పెరటిగదిలో ఉంటున్న కుట్టుపని సోదరికి పాజిటివ్, నాలుగో రోజు. స్వస్థత కొరకు."

6, మంగళవారం

పదకొండో మనవి దగ్గరికి వచ్చేసరికి ట్రెజరరు గొంతు బొంగురుపోయింది. "ప్రభువా, దిక్కులేని మా చెల్లెలిని నీ రెక్కల కింద దాచుకో తండ్రీ" అని వెక్కివెక్కి ఏడ్చాడు. నాకూ కళ్లు చెమర్చాయి, అబద్ధమెందుకు.

పదింటికి కుట్టుచెల్లి ఫోను.

"అమ్మగారూ, బాత్రూంకి తాళం పడిందండీ."

"ఎవరు వేశారు?"

"ఇంటాయనే. పెరట్లో మూడు గదులకీ అదొక్కటే కదండీ. మిగతా రెండు గదులవాళ్లకీ తలో తాళంచెవి ఇచ్చారు."

"మరి నీకు?"

"నాకివ్వలేదండీ."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రెక్కల కింద దాచమని దేవుడికి చెప్పి, తను వెళ్లి బాత్రూంకి తాళం వేస్తాడా! దీవుల పేర్లన్నీ వచ్చే మనిషికి తన పెరడు గుర్తులేదా! "అసలు నీ సంగతి ఆయనకెలా తెలిసింది?" అని అడిగాను. తను చాలాసేపు మాట్లాడలేదు. ఆయాసంగా ఉంది కాబోలు. "ఏమోనండీ" అంది చివరికి.

మా ఆయన వెళ్లి ట్రెజరరు గేటు బయట నిలబడి మాట్లాడి వచ్చారు. "వాళ్లమ్మకి ఎనభై రెండేళ్లట. ఆయన భయం ఆయనది" అన్నారు. ఈయనకి ఎవరి భయమైనా ఇట్టే అర్థమవుతుంది, నా కోపం తప్ప.

ఎవరు మోశారో ఈ కబురు. నోట్లో నువ్వుగింజ నానదు మా సంఘంలో.

7, బుధవారం

పద్నాలుగు మనవులు. ట్రెజరరు మళ్లీ ఏడ్చాడు. తాళం అలాగే ఉంది.

8, గురువారం

ఆస్పత్రిలో మంచాలు ఖాళీ లేవట. సర్కారు నర్సమ్మ ఫోన్లో చెప్పిందట, "సొంత గది, సొంత బాత్రూం చూసుకుని పద్నాలుగు రోజులు కదలకుండా పడుకోండి, ఊపిరి అందకపోతే అప్పుడు చెప్పండి" అని. సొంత బాత్రూమట! అదుంటే ఈ గోల ఎందుకు.

ఎలా వెళ్లొస్తున్నావని అడగడానికి నాకే నోరు రాలేదు. తనే చెప్పింది. వీధి చివర సగం కట్టి ఆపేసిన బిల్డింగు ఉందట, ఎవరూ లేవకముందే చీకటితో వెళ్లొస్తుందట. నూట రెండు జ్వరంతో. పగలు దాహం వేసినా నీళ్లు తాగడం మానేసిందట. జ్వరమొచ్చిన మనిషి నీళ్లు తాగకుండా ఉండటమేమిటి! గట్టిగా కేకలేశాను. ఎవరిమీద వెయ్యాల్సిన కేకలో ఎవరిమీద వేశాను.

అది చాలదన్నట్టు పాటలక్క ఫోను చేసింది, మా బృందంలో పై గొంతు ఆవిడదే. "అమ్మగారూ, ఆ గౌన్లు తనే కుట్టింది కదా, ఉతికితే సరిపోతుందా, తగలబెట్టెయ్యాలా?" అని. అవి కుట్టి ఏడాదిన్నరైంది. "తగలబెడితే ముందు నువ్వు తొడుక్కుని తగలబెట్టు" అనబోయి, "ఉతికితే చాలమ్మా, వందనాలు" అన్నాను. దవడ నొప్పి ఊరికే రాలేదు నాకు.

స్కూలు యూనిఫారాలు కుట్టమని ఇచ్చినవాళ్లు గుడ్డ వెనక్కి అడుగుతున్నారట. లోపలికి రారట, కిటికీలోంచి విసిరెయ్యమన్నారట. వీళ్లంతా పొద్దున తన పేరున ఆమేన్ చెప్పినవాళ్లే.

ఒక్క మందుల షాపాయన మాత్రం మాత్రలూ, ఆక్సిజన్ చూసుకోవడానికి వేలికి తగిలించే మిషనూ తెచ్చి కిటికీలో పెట్టి వెళ్లాడు. ఆయన మా సంఘం కాదు. ఏ సంఘమూ కాదు. ప్రార్థన అంటే నవ్వుతాడు.

9, శుక్రవారం

కమిటీ మీటింగు ఫోన్లో జరిగింది. ఆరుగురు మగవాళ్లు, మినిట్స్ రాయడానికి నేను.

అడిగింది నేనే. మా చర్చి వెనకాల ఆదివారపు బడి గది ఉంది, దానికి ఆనుకుని బాత్రూం ఉంది. నాలుగు వారాలుగా అందులో ఎలుకలు తప్ప ఎవరూ లేరు. రెండు వారాలు ఆ పిల్లకిద్దాం అన్నాను.

ఒక్కొక్కరే మొదలుపెట్టారు.

"ప్రతిష్ఠ చేసిన స్థలమమ్మగారూ" అన్నాడు ఒకాయన. ఆ స్థలంలోనే పోయినేడాది ఆయన కూతురి పెళ్లికి వంటపాత్రలు కడిగారు.

"రేపు ఆరాధన మొదలయ్యాక జనం భయపడి రారు" అన్నాడు ఇంకొకాయన.

"పోలీసులొస్తే ఎవరు జవాబు చెప్తారు?"

"మనకి మనసు లేక కాదండీ..."

ట్రెజరరు అన్నిటికంటే బాగా చెప్పాడు. "ఆమె మీద నాకున్న భారం మీకెవరికీ లేదు. రోజూ కన్నీళ్లతో మోస్తున్నాను" అన్నాడు. ఆయన్ని మించినవాడు లేడు. తాళం తీసి ఆ భారం కాస్త దించుకోవచ్చు కదా అన్నాను. మా ఆయన గొంతు సవరించుకున్నారు. దానర్థం నేను నోరు మూసుకోవాలని.

తీర్మానం: సహోదరి స్వస్థత నిమిత్తం రేపు సంఘమంతా ఉపవాస ప్రార్థన చేయుటకు ఏకగ్రీవంగా నిర్ణయించడమైనది. టైపు చేశాను. ఒక్క అచ్చుతప్పు లేదు.

10, శనివారం

ఉపవాస ప్రార్థన. నేను తిన్నాను. రెండుసార్లు వడ్డించుకుని మరీ తిన్నాను.

11, ఆదివారం

మా ఆయన వాక్యం బాగా చెప్పారని అందరూ మెచ్చుకున్నారు. పొరుగువాణ్ణి ప్రేమించడం గురించి. నేను కూర తరుగుతూ విన్నాను.

12, సోమవారం

మధ్యాహ్నం కుట్టుచెల్లి ఫోను చేసింది. ఒక్కో మాటకీ ఆగుతోంది. వేలి మిషనులో తొంభై రెండు చూపిస్తోందట. పొద్దున ఆ బిల్డింగు మెట్ల దగ్గర పడిపోయిందట, లేవడానికి గంట పట్టిందట. "ఎవరైనా చూస్తారేమోనని భయమేసిందండీ" అంది. చచ్చిపోతానేమోనని కాదు, ఎవరైనా చూస్తారేమోనని.

ఫోను పెట్టేసి మా ఆయన గదిలోకి వెళ్లాను. నేనేం అన్నానో రాయను, రాస్తే కాగితం కాలుతుంది. ఆయన అన్నీ విన్నారు. విని, "కమిటీ మాట కాదంటే నన్ను పంపించేస్తారే. ఈ ఇల్లు సంఘానిది. ఈ వయసులో సామాన్లు నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోతాం?" అన్నారు. ఇన్నేళ్లలో ఆయన భయపడ్డానని నాతో చెప్పడం అదే మొదటిసారి. జాలేసింది. జాలితోపాటు కోపం కూడా రెట్టింపైంది.

"ఆ గది తాళాలు ఎవరి దగ్గరున్నాయి?" అని అడిగాను.

"మన దగ్గరే. బీరువాలో."

అప్పుడు కూలబడ్డాను. మా బీరువాలో! దుప్పట్ల అర కింద! శుక్రవారం నుంచి ఆరుగురు మగవాళ్లని పేరుపేరునా తిట్టుకుంటూ తిరిగాను, ఆ బీరువా రోజుకి నాలుగుసార్లు తెరుస్తూ. ఎవరి అనుమతి కోసం ఎదురుచూశానో నాకే తెలియదు. తిలాపాపం తలా పిడికెడు, నా పిడికిలి మాత్రం చిన్నదని ఎవరన్నారు?

13, మంగళవారం

తెరిచేశాను.

బల్లలు గోడకు జరిపి, నేలంతా ఫినాయిలుతో కడిగాను. బాత్రూంలో బల్బు మాడిపోయింది, మా వంటింటి బల్బు తీసి పెట్టాను. పదకొండింటికి కుట్టుచెల్లి నడిచొచ్చింది. మూడు వీధులు, చేతిలో ఒక సంచి. నేను రోడ్డుకి అటువైపు, తను ఇటువైపు. దారిపొడుగునా కిటికీ తలుపులు ధనధనా మూసుకున్నాయి. లోపలికి వెళ్లి తను చేసిన మొదటి పని బాత్రూంలోకి వెళ్లడం. రెండో పని నీళ్లు తాగడం. చెంబెడు నీళ్లు ఎత్తిన చెంబు దించకుండా తాగింది. నేను కిటికీ అవతల నిలబడి ఏడ్చాను, కోపంతో.

మా ఆయన వచ్చారు. కాసేపు గేటు దగ్గరే నిలబడ్డారు. ఆపేస్తారేమోనని నేను కొంగు బిగించాను. ఏమీ అనకుండా ఇంట్లోకి వెళ్లి మా మంచం మీది పరుపు చుట్టి, భుజాన వేసుకుని తెచ్చి గుమ్మంలో పెట్టారు. ఆ పెద్దమనిషి మీద నా కోపం సగం తగ్గింది. సగమే.

ఇవాళ రాత్రికి చాప మీద మేమిద్దరం.

14, బుధవారం

తొంభై ఒకటి. డాక్టరు ఫోన్లో బోర్లా పడుకోమన్నాడు. మంచం దొరికితే చెప్తానన్నాడు.

ట్రెజరరు నుంచి నోటీసు వచ్చింది. "కమిటీ తీర్మానమును ధిక్కరించుట గూర్చి సంజాయిషీ." ఆయనే టైపు చేసుకున్నట్టున్నాడు, నాలుగు తప్పులు. ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపాను.

15, గురువారం

తొంభై ఒకటి. మళ్లీ తొంభై. మళ్లీ తొంభై ఒకటి.

16, శుక్రవారం

మా ఆయన కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని గట్టిగా ప్రార్థన చేస్తుంటే లోపల్నుంచి కుట్టుచెల్లి అంది, "అయ్యగారూ, కాస్త మెల్లిగా చెయ్యండి, తల పగిలిపోతోంది." ఆయన ఖంగుతిన్నారు. తర్వాత గంటసేపు పెదాలు మాత్రమే కదిలాయి. పెళ్లయ్యాక ఆయన్ని అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ చూడలేదు. ఆ ప్రార్థన మాత్రం నాకు నచ్చింది.

18, ఆదివారం

తొంభై మూడు!

మందుల షాపాయన గుమ్మంలో నిలబడి అంకె విని, "మీ దేవుడి పని బాగానే ఉందండీ" అన్నాడు. "మీ మాత్రల పని కూడా" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. కానీ కుట్టుచెల్లి తేరుకుంటున్నా నాకు సంతోషం రావడం లేదు. ఎందుకో.

19, సోమవారం

ఎందుకో కాదు. నాకు తెలుసు.

5వ తేదీన కుట్టుచెల్లి ఏమందో అది ఇక్కడ రాయలేదు. "కాసేపు మాట్లాడుకున్నాం" అని రాశాను. తను అన్నది ఇది: "అయ్యగారికి ఒక్కరికే చెప్పండమ్మగారూ. లిస్టులో మాత్రం పెట్టొద్దు. ఇంటాయనకి తెలిస్తే నన్ను ఉండనివ్వరు."

సరేనమ్మా అన్నాను. సరేనని, ఆరోజు సాయంత్రమే ఆయన పెరటిగది అడ్రసుతో సహా టైపు చేశాను.

ఎందుకు? వివరాలు కావాలని ట్రెజరరు అన్నాడు కాబట్టి అనుకుందామంటే, ఆ మనిషి చెప్పింది ఏనాడు చేశాను గనక? అందరికంటే ముందు నాకే తెలిసిందన్న మురిపెం. పొద్దున నలభై రెండు ఇళ్లూ నా లిస్టు చూసి అయ్యో అనాలి. ప్రార్థన చేస్తే తప్పేముంది, ఎక్కువమంది చేస్తే ఎక్కువ ఫలం కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మర్నాడు "ఆయనకెలా తెలిసింది" అని తననే అడిగాను, ఎంత ధైర్యం నాకు! ఎవరు మోశారో కబురు అని ఈ పుస్తకానికి కూడా అబద్ధం చెప్పాను. గుమ్మడికాయల దొంగ భుజాలైనా తడుముకుంటాడు. నేను అది కూడా చెయ్యలేదు.

తాళం వేసింది ట్రెజరరే. కానీ తాళం కప్ప తెచ్చి చేతికిచ్చింది నేను.

22, గురువారం

తొంభై ఆరు. లేచి కూర్చుని, మా ఆయన చొక్కాకి ఊడిపోయిన గుండీ చూసి, "సూది ఉందా అమ్మగారూ" అంది.

చెప్పేద్దామనుకున్నాను. కిటికీ దాకా వెళ్లి, పాలు కాచి తెస్తానని వచ్చేశాను.

25, ఆదివారం

నిన్న ట్రెజరరే స్వయంగా గ్రూపులో పెట్టాడు, పువ్వుల బొమ్మలతో: "మన ఉపవాస ప్రార్థన ఆలకించి ప్రభువు మన సోదరిని లేపెను. రేపు ఆరాధనలో ఆమె సాక్ష్యం." నన్ను టైపు చెయ్యమని కూడా అడగలేదు, అంత తొందర. చదివి ఫోను విసిరేయబోయాను. ఎవరి ప్రార్థన? ఎవరి ఉపవాసం? నీళ్లు తాగడం మానేసి వారం రోజులు అసలు ఉపవాసం చేసింది ఆ పిల్ల!

ఇవాళ పొద్దున నలభై రెండు ఇళ్లూ లైన్లో ఉన్నాయి. ట్రెజరరు స్తుతి ప్రార్థన చేశాడు. "మా కన్నీళ్లు చూశావు తండ్రీ" అని మొదలుపెట్టి తొమ్మిది నిమిషాలు. ఈసారి దేశాల దాకా వెళ్లలేదు, సంతోషం తన పెరట్లోనే ఉంది మరి. తర్వాత మా ఆయన, "అమ్మా, నువ్వు రెండు మాటలు చెప్పు" అన్నారు.

కుట్టుచెల్లి గొంతు సన్నగా వచ్చింది. "నాకింకా ఆయాసంగా ఉందండీ. అమ్మగారు చెప్తారు. ఆవిడకి మొత్తం తెలుసు."

వంటింట్లో నిలబడ్డాను. ఇప్పుడు నవ్వుమొహంతో వందనాలు చెప్పి తప్పించుకోవచ్చు, అలవాటైన పనే. ఆరుగురిని కడిగిపారేయవచ్చు, దానికీ నా దగ్గర సరుకుంది. రెండూ చెయ్యలేదు.

"లిస్టులో పెట్టొద్దని ఆ పిల్ల నన్ను బతిమాలింది" అన్నాను. "సరేనని, పెట్టాను. అడ్రసుతో పెట్టాను. నా లిస్టు చూసే బాత్రూంకి తాళం పడింది. వారం రోజులు చీకటితో లేచి సగం కట్టిన బిల్డింగుకి వెళ్లింది. ఆ వారం రోజులూ మనం ఆవిడ పేరు ఎత్తి ప్రార్థన చేశాం. చర్చి గది తాళాలు మా బీరువాలోనే ఉన్నాయి. శుక్రవారం అడిగి, మంగళవారం తీశాను. మధ్యలో మూడు రోజులు ఏం చేశానంటే, మిమ్మల్ని తిట్టుకుంటూ కూర్చున్నాను. ట్రెజరరుగారూ, తాళం మీరు వేశారు, ఆ మాట మీరే చెప్పుకోండి. నాది నేను చెప్పాను. ప్రభువుకి చెప్పేశాను గానీ అది చాలదు, ఆవిడకి చెప్పాలి. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదమ్మా."

ఫోన్లో లైనులో ఉన్నవాళ్ల అంకె తగ్గడం మొదలైంది. నలభై రెండు. ముప్పై ఐదు. పందొమ్మిది. ట్రెజరరు ఎప్పుడు వెళ్లాడో చూడలేదు. మా ఆయన లైను కట్ చేస్తారేమోనని అటు చూశాను. ఫోను రెండు చేతులతో పట్టుకుని తలవంచుకుని కూర్చున్నారు, చెయ్యలేదు. అంకె ఏడు దగ్గర ఆగింది.

అప్పుడు కుట్టుచెల్లి మాట్లాడింది.

"నాకు తెలుసు కదమ్మగారూ. ఆ లిస్టు నాకూ వస్తుంది. ఆరోజు ఐదున్నరకే చూశాను, ఇంటాయనకంటే ముందే."

రోజూ పొద్దున్నే నలభై రెండు ఇళ్లకి పంపుతున్నానే, అందులో తన ఇల్లు కూడా ఉందని ఒక్కసారైనా తట్టలేదు. ఇన్ని రోజులూ, ఇన్నిసార్లు ఫోనులో, కిటికీ దగ్గర, ఒక్క మాట అనలేదు.

"మరి నన్ను ఎందుకు అడగలేదే? ఎందుకు కడిగెయ్యలేదు?" అన్నాను.

తను ఊపిరి తీసుకుని, నెమ్మదిగా చెప్పింది.

"అడిగితే మీరు కూడా నా ఫోను ఎత్తడం మానేస్తారేమోనని, అమ్మగారూ."